ఇక విప్పడానికి కుట్లు లేవు!

'అమ్మా.. ఈసారి కుదరదు' అన్నాడు టైలర్‌ భాయ్‌, జాకెట్టుని తిరగేసి చూపిస్తూ.

మా పిన్ని కూతురి పెళ్లికి కట్టుకుందామని బీరువాలోంచి తీసిన పట్టుచీర మీది జాకెట్టది. లోపల పక్కకుట్లు మూడు నాలుగు వరుసలు వేసి ఉంచుతారు కదా.. ఒళ్లు చేసినప్పుడల్లా ఒక్కో వరుస విప్పుకోవడానికి. బాబు పుట్టాక ఒకటి విప్పించాను. పాప పుట్టాక రెండోది. మిగతావి ఎప్పుడు విప్పించానో నాకే గుర్తులేదు. 'అన్నీ అయిపోయాయమ్మా, ఇక విప్పడానికి కుట్లు లేవు. చంక కింద అతుకు వేయాల్సిందే' అన్నాడు పాపం, ఎంతో మర్యాదగా.

అతుకు వేయించుకునే పెళ్లికి వెళ్లాను. పెళ్లిలో ఈ సంగతి చెబితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. 'ఇద్దరు పిల్లల తల్లివి, ఆమాత్రం ఒళ్లు రాకపోతే ఎలాగే?' అంటూ మా పెద్దమ్మ విస్తట్లో ఇంకో బొబ్బట్టు వేసింది. దాని మీద నెయ్యి కూడా!

నవ్వు ఆగిపోయింది మాత్రం ఆ తరవాతి నెల్లో. ఆఫీసులో అందరికీ ఆరోగ్య పరీక్షలు చేయిస్తే నేనూ రక్తం ఇచ్చాను. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 అని వచ్చింది. 5.7 లోపు ఉంటే మామూలు. 6.5 దాటితే మధుమేహం. నేను ఆ రెంటికీ మధ్యలో, గడప మీద నిలబడి ఉన్నానన్నమాట.

'కాన్పుల్లో ఎప్పుడైనా షుగర్‌ వచ్చిందా?' అడిగారు డాక్టరమ్మ.

'రెండో కాన్పులో వచ్చిందండీ. పాప పుట్టాక తగ్గిపోయింది.'

'తగ్గిందని ఎవరు చెప్పారు?'

నా దగ్గర జవాబు లేదు. కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ రక్తపరీక్ష చేయించుకోమని ఆస్పత్రి కాగితంలో రాసే ఉంది. పాపకు వేయించాల్సిన టీకాలు ఒక్కరోజు ఆలస్యం కాకుండా వేయించాను. నా పరీక్ష మాత్రం ఆరేళ్లయినా చేయించుకోలేదు.

ఆ రాత్రి తెనాలిలో ఉన్న మా అమ్మకు ఫోన్‌ చేశాను. అమ్మకు 43వ ఏట మధుమేహం బయటపడింది. ఇప్పుడు రోజూ ఇన్సులిన్‌ వేసుకుంటుంది. పాదాలకు స్పర్శ సరిగ్గా తెలియదు. చెప్పు జారిపోయినా చూసుకోకుండా నాలుగడుగులు వేసేస్తుంది. నా వయసు 37. లెక్క వేసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

మనలాంటి వాళ్లం ఎందరం?

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 24 శాతం. తెలంగాణలో 30, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. అంటే మన ఇళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరు. ఈ లెక్కకు తీసుకున్న బీఎంఐ 25. నిజానికి భారతీయులకు 23 దాటితేనే జాగ్రత్తపడాలంటారు వైద్యులు. తూకం మరీ ఎక్కువ లేకపోయినా పొట్ట దగ్గర కొవ్వు చేరడం మనవాళ్లలో ఎక్కువ కాబట్టి.

అందుకే తూకం మిషన్‌ కన్నా టైలర్‌ టేపు ముఖ్యం. పక్కటెముకల చివరకీ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలి కొలుచుకోవాలి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు.. అంటే 31న్నర అంగుళాలు దాటకూడదు. నాది 37. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 74 కిలోలు.

'ఎంత తగ్గాలండీ? ఇరవై కిలోలా?' ఏడుపు గొంతుతో అడిగాను డాక్టరమ్మని. 'ముందు అయిదు తగ్గు చాలు' అన్నారావిడ. ఊరడింపు కాదది. మధుమేహం అంచున ఉన్నవాళ్ల మీద అమెరికాలో చేసి 2002లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో పెట్టుకున్న లక్ష్యం ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. అంతమాత్రానికే మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. చెన్నైలో డాక్టర్‌ ఎ.రామచంద్రన్‌ బృందం ఇలాంటి వాళ్ల మీదే చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. మూడేళ్లలో మామూలుగా ఉండిపోయిన వాళ్లలో 55 శాతం మందికి మధుమేహం వస్తే, తిండీ నడకా మార్చుకున్న వాళ్లలో 39 శాతానికే వచ్చింది. విశేషమేంటంటే వీళ్ల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా మేలు జరిగింది. తూకంలో ముల్లు కదల్లేదని ఏడ్చే మనబోటి వాళ్లకు ఇంతకన్నా ధైర్యం ఏం కావాలి?

కూర్చుని మూడు.. నిలబడి తొమ్మిది!

'నేనేం తింటున్నానని? అందరికన్నా తక్కువే!'.. ఇది నా వాదన. మీదీ అదేనా? అయితే నేను చేసిన పని మీరూ ఓసారి చేయండి. ఒక్క రోజు, నోట్లో పడిన ప్రతిదీ పిల్లల రఫ్‌ నోట్సులో రాశాను. పాప వదిలేసిన సగం ఇడ్లీ. బాబు గ్లాసు అడుగున మిగిలిన చక్కెర పాలు. బాణలికి అంటుకున్న ఉప్మా. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు కేకు. టీలోకి రెండు బిస్కెట్లు. సాయంత్రం పిల్లలకు పకోడీలు వేస్తూ 'ఉప్పు సరిపోయిందా' అని నాలుగు. రాత్రి గిన్నెలో మిగిలిన గుప్పెడు పెరుగన్నం.. 'ఇంతోటిదాన్ని ఫ్రిజ్‌లో ఏం పెడతాం' అని. రాత్రి పడుకోబోయే ముందు లెక్కచూస్తే కూర్చుని తిన్నది మూడుసార్లు, నిలబడి తిన్నది తొమ్మిదిసార్లు!

అన్నం పరబ్రహ్మ స్వరూపం అని పెరిగినవాళ్లం. పారేయడానికి చేతులు రావు. నిజమే. కానీ పారేయకుండా ఉండటానికి మార్గం మన పొట్ట ఒక్కటేనా? మా ఇంట్లో రెండు మార్పులు చేశాను. గ్లాసున్నర బియ్యం పోసేదాన్ని గ్లాసుంపావు పోస్తున్నాను. పిల్లలకు మొదట కొంచెమే వడ్డించి, కావాలంటే మారు వడ్డిస్తున్నాను. మిగిలేదే తక్కువైతే నేను ఊడ్చాల్సిందీ తగ్గింది. అప్పటికీ మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లోకే.. ఎంత గుప్పెడైనా సరే!

మూడోది నూనె. హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్‌) 2024లో కొత్త ఆహార నియమావళి విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు కావాల్సిన మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలంది. నలుగురున్న ఇంటికి నెలకు లెక్కేస్తే మూడున్నర లీటర్లు. మా ఇంటికి నెలకు అయిదు ప్యాకెట్లు వచ్చేవి, నెయ్యి అదనం. వేపుళ్లు వారానికి రెండురోజులకు తగ్గించి, మిగతా రోజులు పులుసులూ ఇగుర్లూ పప్పుకూరలూ చేస్తున్నాను. పొయ్యి దగ్గర నూనె సీసా ఎత్తి పోయడం మానేసి చెంచాతో కొలుస్తున్నాను. ఇప్పుడు మూడున్నరకు ఇంకా రాలేదు, నాలుగు దగ్గరున్నాం.

ఆ నియమావళి చెప్పే కంచం కూడా మనకేం కొత్త కాదు. సగం కంచం కూరలూ పండ్లూ. మిగతా సగంలో అన్నమో రొట్టెలో, పప్పు, పాలు-పెరుగు, కొన్ని పలుకులు. రోజుకు కూరగాయలూ పండ్లూ కలిపి అరకిలో, పప్పులు 85 గ్రాములు. మన కంచంలో అన్నం కొండంత, కూర గోరంత. దాన్ని తలకిందులు చేస్తే చాలు. నేను మొదట కప్పు కూరో, దోసకాయ ముక్కలో తిని, ఆ తరవాతే అన్నం కలుపుకొంటున్నాను. పప్పు గట్టిగా చేసుకుంటున్నాను. పొద్దున ఇడ్లీకి బదులు వారంలో మూడురోజులు పెసరట్టు. చెప్పుకోవడానికి ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. విడిగా నాకోసం వంట చేసుకోవాల్సిన పనీ లేదు. అందరిదీ ఒకటే కంచం.

అరగంట ఎక్కడుంది?

తిండి సంగతి సరే. మరి వ్యాయామం? జిమ్‌కు మూడు నెలల ఫీజు కట్టి ఆరు రోజులు వెళ్లిన ఘనురాలిని నేను. తెల్లవారుజామున అయిదింటికి అలారం పెట్టుకుని నడకకు వెళ్లే ప్రయోగమూ చేశాను. రాత్రి పనులన్నీ తెమిలి పడుకునేసరికి పదకొండున్నర. అయిదింటికి లేస్తే మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడేవి, సాయంత్రానికి ఆకలి మండిపోయేది. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుంది, అందులోనూ తీపి మీదికి మనసు లాగుతుంది. వారం తిరక్కుండానే మానేశాను. 'నాకు పట్టుదల లేదు' అని నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

తరవాత తెలిసింది.. వ్యాయామానికి ముప్పై నిమిషాలూ ఒక్కచోటే దొరకాలన్న నియమం లేదట. కనీసం పది నిమిషాలైనా ఏకబిగిన చేస్తేనే లెక్క అని అంతకుముందు చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ షరతు తీసేసింది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒంటిని కదిలించాలి. ఎన్ని ముక్కలుగా చేసినా ఫర్వాలేదు. ఎంత వేగంగా నడవాలంటే.. పక్కనున్నవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

ముక్కలైతే వెతుక్కోవచ్చు కదా! వెతికితే నా రోజులో మూడు దొరికాయి. పిల్లల స్కూలు బస్సు కోసం గేటు దగ్గర పది నిమిషాలు నిలబడతాం. బస్సు వెళ్లిపోయాక ఇంకాసేపు కబుర్లు. ఆ కబుర్లేవో నడుస్తూ చెప్పుకొందామని మా అపార్ట్‌మెంట్‌ అమ్మలం ముగ్గురం ఒప్పందం చేసుకున్నాం. అది పది నిమిషాలు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఒక స్టాపు ముందే దిగి నడుస్తున్నాను. అది ఇంకో పది. రాత్రి భోజనం అయ్యాక పది. తిన్న వెంటనే కూలబడకుండా కాసేపు నడిస్తే రక్తంలో చక్కెర ఎగబాకకుండా ఉంటుంది కాబట్టి నాలాంటి వాళ్లకు ఈ చివరి పదీ బంగారం. మొత్తం ముప్పై. వారానికి అయిదు రోజులు.. నూటయాభై!

'పొద్దుట్నుంచీ ఇంటి చాకిరీతో నడుం విరుగుతోంది, అది వ్యాయామం కాదా?' అంటారేమో. కొంత అవును. వంగి ఇల్లు తుడిచినా, దుప్పట్లు ఉతికినా ఊపిరి వేగం పెరుగుతుంది. అది లెక్కలోకి వస్తుంది. పొయ్యి ముందు రెండు గంటలు నిలబడితే కాళ్లు లాగుతాయి కానీ గుండెకు పని పడదు. అలసటా వ్యాయామమూ ఒకటి కాదు. చాలామంది అమ్మలం అక్కడే మోసపోతాం.

నడకతోపాటు కండరాలకు బలమిచ్చేవి వారంలో రెండు రోజులన్నా చేయాలి. లేదంటే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. ఇందుకు నా గురువు కుక్కర్‌! మొదటి విజిల్‌ వచ్చేదాకా చేతుల సాయం లేకుండా కుర్చీలో కూర్చుని లేవడం. రెండోదానికి వంటింటి గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి రావడం. మూడోదానికి నీళ్లు నింపిన రెండు లీటరు సీసాలు తలపైకి ఎత్తి దించడం. మొదట్లో కుర్చీలోంచి అయిదుసార్లు లేచేసరికే మోకాళ్లు పట్టేశాయి. ఇప్పుడు పదిహేను. పొట్ట ఒక్కటే కరిగించే వ్యాయామం, బెల్టు, నూనె.. ఇలాంటివేవీ లేవు. ఒళ్లంతా తగ్గితేనే పొట్టా తగ్గేది.

'వెళ్లు.. ఎవరొద్దన్నారు?'

రాత్రి నడకకే అసలు చిక్కు వచ్చింది. ఓ ఆదివారం మావారితో చెప్పాను, 'రోజూ భోజనాలయ్యాక నేను కాసేపు నడవాలండీ' అని.

'వెళ్లు.. ఎవరొద్దన్నారు?' అన్నారాయన పేపర్లోంచి తలెత్తకుండానే.

'వద్దనలేదు. గిన్నెలెవరు సర్దుతారు? పాపతో హోంవర్కు ఎవరు చేయిస్తారు?'

పేపరు కిందకు దిగింది. ఆయన చెడ్డవారేం కాదు. ఆ ప్రశ్న ఒకటుందని ఆయనకు తట్టలేదంతే. మనం ఎప్పుడైనా అడిగితే కదా! కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజూ 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అమ్మలకు వ్యాయామానికి తీరిక లేదంటే పట్టుదల లేక కాదు. ఆ తీరిక ఈ రెండంకెల మధ్య ఇరుక్కుపోయింది.

మొదటి వారం నేను నడిచి వచ్చేసరికి సింకు నిండా గిన్నెలు అలాగే ఉన్నాయి. పళ్లబిగువున వాటిని ముట్టుకోకుండా పడుకున్నాను. పొద్దున్నే టీ గిన్నె దొరక్క ఆయనే తోముకున్నారు. రెండోవారం నుంచి రాత్రి సింకు ఆయనది, బల్ల తుడవడం బాబుది. గిన్నెలకు జిడ్డు వదల్లేదని నేను మళ్లీ తోమేదాన్ని. అదీ మానేశాను. జిడ్డు గిన్నె వల్ల ఎవరికీ ఏం కాలేదు మరి!

అమ్మతో ఈ మాట చెబితే ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తరవాత అంది.. 'నేను అందరూ తిన్నాక మిగిలింది తినేదాన్ని. అందరూ పడుకున్నాక పడుకునేదాన్ని. మంచి ఇల్లాలంటే అదే అనుకున్నా. నువ్వు ఆ పేరు తెచ్చుకోకపోయినా ఫర్వాలేదమ్మా.'

పాలిచ్చే తల్లులకు ఓ మాట

పసిబిడ్డలున్న వాళ్లు నా లెక్కల్ని అలాగే పట్టుకోకూడదు. బిడ్డకు పాలిచ్చే తల్లికి మొదటి ఆరునెలలూ రోజుకు మామూలు కన్నా 600 కేలరీలు ఎక్కువ కావాలని ఎన్‌ఐఎన్‌ చెబుతోంది. అప్పుడు కడుపు మాడ్చుకోవడం తల్లికీ బిడ్డకీ మంచిది కాదు. నెమ్మదిగా నడక మొదలుపెట్టొచ్చు. సిజేరియన్‌ అయితే డాక్టరు సరేనన్నాకే. కాన్పులో చక్కెర వచ్చినవాళ్లు ఆరు వారాలకు పరీక్ష చేయించుకోవడం, ఆ తరవాతా ఏడాదికోసారి చూపించుకోవడం మరచిపోవద్దు. నాలాగా ఆరేళ్లు ఊరుకోవద్దు. తిండి పెరగకుండానే బరువు పెరుగుతున్నా, నెలసరి గాడి తప్పినా థైరాయిడ్‌, పీసీఓఎస్‌ పరీక్షలు అవసరమేమో డాక్టర్ని అడగండి. పది రోజుల్లో పది కిలోలు తగ్గించే పొడుల జోలికి పోవద్దు. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా డాక్టరు చూసి రాయాల్సిన మందులే. గర్భం కోసం చూస్తున్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు వాడకూడదు.

ఇదంతా మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. అయిదున్నర కిలోలు తగ్గాను. నడుం 37 నుంచి 34 అంగుళాలకు వచ్చింది. హెచ్‌బీఏ1సీ 5.8. గడప ఇంకా దాటలేదు కానీ ఇవతలి వైపుకు జరిగాను. మధ్యలో దసరా వచ్చి ఒక కిలో పెరిగిందీ నిజమే, బాబుకు జ్వరమొచ్చి పది రోజులు నడక ఆగిందీ నిజమే. మళ్లీ మొదలుపెట్టాను. అంతే.

మొన్న ఆ జాకెట్టే పట్టుకుని టైలర్‌ భాయ్‌ దగ్గరికి వెళ్లాను. అతుకు తీసేయమన్నాను. ఆయన టేపుతో కొలిచి, ఓసారి నా మొహంలోకి చూసి, 'ఒక వరుస కుట్టు లోపలికి వేయొచ్చమ్మా' అన్నాడు.

ఈ ఆదివారం పేపరు ఇంట్లో ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదు. అమ్మ చేతిలో ఉంటే.. ఈ రోజు రాత్రి అన్నం తిన్నాక చెప్పులు వేసుకుని బయటకు నడవండి. ఇంకెవరి చేతిలోనైనా ఉంటే.. లేచి ఆ సింకు సంగతి చూడండి!